పసుపు బిళ్ళ, నీలి దీపం

నేను తయారుచేసిన మొట్టమొదటి సెన్సర్ నేను అన్నం తిని వచ్చేలోపు చచ్చిపోయింది. పదకొండు గంటలకి దాని మీద దీపం వేస్తే మీటరు మీద అంకె చక్కగా లేచి నిలబడింది. పక్క గదుల్లో వాళ్ళని కూడా పిలిచి చూపించాను. ఒంటిగంటన్నరకి చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ దీపం వేస్తే ఆ అంకె సున్నా పక్కన కూలబడి ఉంది. దీపం మార్చాను, తీగలు మార్చాను, మీటరు నెత్తిన ఒక మొట్టికాయ వేశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పొద్దున్నే మా సార్‌తో పేటెంటు గురించి కూడా మాట్లాడేశాను. ఆ సాయంత్రం ఎవరి మొహమూ చూడకుండా బస్సెక్కేశాను.

తొంభైల చివరి మాట ఇది. మా ప్రయోగశాల గచ్చిబౌలి వైపు బండల మధ్య ఉండేది. మాదాపూర్ దిక్కున హైటెక్ సిటీ గుండ్రటి భవనం అప్పటికే అద్దాలతో మెరుస్తోంది, దాని చుట్టూ మాత్రం ఇంకా బండలు పేలుస్తూనే ఉన్నారు. మధ్యాహ్నం పూట ముందు విజిల్ వినిపించేది, వెనకే ఢామ్మని చప్పుడు, మా బల్ల మీద గాజు పలకలు గలగలమనేవి. నా ఈడు వాళ్ళంతా అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల్లో ఉన్నారు. మా అన్నయ్య అప్పటికే ఆ అద్దాల భవనంలో ఉద్యోగంలో చేరి, రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తారుమారవుతాయని వాటిని దిద్దే పనిలో తలమునకలుగా ఉన్నాడు. తన ఆఫీసులో నాకూ ఒక కుర్చీ చూసిపెట్టానని, ఆర్నెల్లు కోర్సు చేస్తే చాలని నెలకోసారి చెప్పేవాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నీ తేదీలు నువ్వు దిద్దుకో అనేదాన్ని.

ఇంతకీ నేను చేస్తున్నదేమిటో చెప్పాలి. వెలుగు పడితే కరెంటు పుట్టించే సెన్సర్లు కొత్తేమీ కాదు. సిలికాన్‌తో చేసినవి ఎప్పట్నుంచో ఉన్నాయి. వాటితో ఒక చిక్కుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఏది పడినా అవి పలుకుతాయి. ఒక్క రంగే కావాలంటే వాటి ముందు రంగుటద్దాలు పెట్టాలి. మేం చేసేవి సిలికాన్‌వి కావు, బట్టలకి వేసే రంగుల జాతికి చెందిన సేంద్రియ పదార్థాలవి. వాటిలో ఒక్కో పదార్థం ఒక్కో రంగు వెలుగునే మింగుతుంది. నా పదార్థం పసుపు రంగుది. ఒక వస్తువు పసుపుగా కనిపిస్తోందంటే, తెల్లని వెలుగులోంచి నీలాన్ని అది మింగేసి మిగతాది మనకి వదిలేసిందన్నమాట. అలా మింగిన నీలాన్ని కరెంటుగా కక్కించడమే నా పని. అద్దాలూ గిద్దాలూ అక్కర్లేకుండా, నీలానికి మాత్రమే పలికే సెన్సర్ అది.

చెప్పుకోవడానికి ఇంత బాగుంటుందా, చెయ్యబోతే చుక్కలు కనిపించేవి. గాలి తోడేసిన పెట్టెలో ఆ పసుపు పొడిని వేడిచేస్తే ఆవిరై పైనున్న గాజు పలకకి అంటుకుంటుంది. ఉల్లిపొరని వందలసార్లు చీల్చినా రానంత పలుచగా ఉంటుందా పొర. దాని మీద అల్యూమినియం పూత. అంతా అయ్యాక తపాలా బిళ్ళంత ముక్క చేతికొస్తుంది. అది పెట్టెలోంచి బయటికొచ్చి హైదరాబాద్ గాలి పీల్చిన క్షణం నుంచీ దానికి ఆయుష్షు తరుగుతూ ఉంటుంది. గాలిలోని తడి, ప్రాణవాయువు ఆ పూత కింద దూరి పొరని తినేస్తాయి. ఎండాకాలంలో రెండు రోజులు బతికేవి. వానాకాలంలో పూట గడిస్తే గొప్ప.

చచ్చిపోయిన సెన్సర్లకి మా దగ్గర ఒక ఆచారం ఉండేది. అది మా సార్ పెట్టిన నియమం. ఏ సెన్సరైనా పోయిందని తేలాక, దాన్ని పాత బిస్కెట్ డబ్బాలో పడేసేముందు ప్రయోగశాలలో ఎప్పుడూ ఒకే వెలుగిచ్చే కొలత దీపం కింద ఒకసారి పెట్టి, ఆ చివరి అంకె నోటుబుక్కులో రాయాలి. దాన్ని మేం చివరి చూపు అనేవాళ్ళం. నాకది ఒళ్ళుమంటగా ఉండేది. శవానికి నాడి చూసినట్టు ఏమిటండీ ఇది అని ఒకసారి అడిగేశాను కూడా. మా సార్ బందరు వైపు మనిషి, గొంతు పెంచడం ఎరగరు. "రాయమ్మా, నష్టమేముంది" అన్నారు. రాసుకుంటూ పోయాను. డబ్బా నిండింది, రెండో డబ్బా మొదలైంది.

ఆ పనిలో చేరిన నాలుగో ఏడు వానలు మొదలయ్యే ముందు సార్ నన్ను కూర్చోబెట్టి ఒక మాట చెప్పారు. వానలు వెళ్ళాక సమీక్ష కమిటీ వస్తుంది. ఆలోపు ఒక్క సెన్సర్, ఒకే ఒక్కటి, ప్రయోగశాల బయట నెల రోజులు నిలబడాలి. నిలబడకపోతే ఈ పని మూసేసి నాకు వేరే అంశం ఇస్తారు. తిట్టినట్టు చెప్పలేదు, బాధపడుతూ చెప్పారు. తిట్టి ఉంటే బాగుండేది, ఎదురు తిరిగేదాన్ని. వేరే అంశమంటే మళ్ళీ మొదటి మెట్టు దగ్గర్నుంచి. అంత ఓపిక నాకు లేదని నాకూ తెలుసు. ఆ వారం అన్నయ్య ఫోన్ చేసినప్పుడు మొదటిసారి కోప్పడలేదు. వానలు వెళ్ళాక చెప్తాన్లే అన్నాను. వాడికి ఆశ పుట్టింది, నాకు గుండెలో రాయి పడింది.

సెన్సర్‌ని గాలి తగలకుండా గాజు మూతతో మూసెయ్యాలని అప్పటికే తెలుసు. కానీ ఆ మూత వేసేదే గాలిలోనైతే, దొంగని లోపల పెట్టి తలుపు వేసినట్టే. పొడి నైట్రోజన్ నింపిన పెట్టెలో చేతులు పెట్టి పనిచేయాలి. అలాంటి పెట్టె విదేశాల్నుంచి తెప్పించుకునే తాహతు మాకు లేదు. బాలానగర్‌లో లేతు మిషన్ల షెడ్డు నడిపే ఒక ఉస్తాద్ ఉండేవాడు, మా గాలి తోడే పెట్టెకి బిగింపులన్నీ అతనే చేసిచ్చాడు. దళసరి ప్లాస్టిక్ పలకలతో పెట్టె, ముందు రెండు గుండ్రటి కంతలు, ఆ కంతలకి మోచేతుల దాకా వచ్చే రబ్బరు తొడుగులు కావాలని బొమ్మ గీసి చూపించాను. అది చేపల పెట్టెనా, పసిపిల్లల పెట్టెనా అని చాలాసేపు నవ్వాడు. కానీ పది రోజుల్లో పూచికపుల్ల దూరే సందు కూడా లేకుండా చేసి, తనే ఆటో ట్రాలీలో వేసుకుని వచ్చి బిగించి వెళ్ళాడు.

ఆ పెట్టెలో మూసిన సెన్సర్లు నాలుగు రోజులు బతికాయి. అయిదో రోజుకి అంచుల నుంచి నల్లబడ్డాయి. నాలుగు రోజులంటే మాకు పండగే, కానీ నెలకీ నాలుగు రోజులకీ ఎంత దూరమో లెక్కపెట్టుకుంటే ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాను, మా ఇంటావిడ వంటగదిలో కూర్చుని.

మా ఇంటావిడ అంటే లింగంపల్లిలో నేను కిరాయికున్న ఇంటి యజమానురాలు. మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం వాళ్ళది. ఒక దవాఖానలో పసిపిల్లల వార్డులో హెడ్ నర్సు. పిల్లలు పెద్ద చదువులకి వేరే ఊళ్ళలో ఉండేవాళ్ళు. డ్యూటీ నుంచి వచ్చి, ప్రార్థన చేసుకుని, పచ్చిపులుసు కలిపి నన్ను పిలిచేది. అక్కా అనేదాన్ని. ఏ పని చేసినా ఎందుకు చేస్తున్నవ్ అని అడగందే వదలని మనిషి. ఆ రోజు కూడా నా ఏడుపు ఆగేదాకా ఓపిగ్గా ఉండి, ఆ మూత ఎట్లా వేస్తున్నావో మొదట్నుంచి చెప్పమంది. చెప్పాను. గాజు కడుగుతాం, స్పిరిట్‌తో తుడుస్తాం, గాలి కొట్టి ఆరబెడతాం, పెట్టెలోకి తీసుకెళ్ళి జిగురుతో అంటిస్తాం.

అక్క చేతిలో గరిటె అలాగే పట్టుకుని ఆలోచించింది. వాళ్ళ దగ్గర ఆపరేషన్ గుడ్డలు ఇనప డ్రమ్ముల్లో పెట్టి ఆవిరి పడతారట. డ్రమ్ము తెరిచినప్పుడు గుడ్డ ఏ కొంచెం తడిగా తగిలినా, ఎంత ఆవిరి పట్టినా సరే, శుభ్రం కానట్టే లెక్క, మొత్తం వాపస్ పంపేస్తారట. తడి పోయిందని కంటికి అనిపిస్తే చాలదంట. "నీ గాజు నిజంగ ఎండిందని నీకెట్ల ఎరుక?" అని అడిగింది. నాకు చుర్రుమంది. నాలుగేళ్ళుగా ఇదే పని చేస్తున్నదాన్ని, నాకు గాజు ఆరబెట్టడం నేర్పుతావా అని పైకి అనలేదు గానీ మొహంలో కనపడే ఉంటుంది. పచ్చిపులుసు మాత్రం మొత్తం తాగేసి పైనున్న నా గదికి వెళ్ళిపోయాను.

పడుకున్నాక గానీ బుర్రకెక్కలేదు. గాజు మీద కంటికి కనపడని తడి పొర ఒకటి అంటుకుని ఉంటుంది. ఆ సంగతి నేను పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా తెచ్చుకున్నాను. చేతిలో ఉన్న గాజు దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాను. అంటే ఇన్నాళ్ళూ ఆ తడిని నేనే లోపల పెట్టి సీలు వేస్తున్నానన్నమాట. మర్నాడు గాజు మూతల్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఓవెన్‌లో కాల్చాను. మూత లోపల తడి పీల్చే పొడి కూడా చిటికెడు అంటించాను. ఆ సెన్సర్లు వారం బతికాయి. రెండు వారాలు బతికాయి. మూడోవారంలో కూడా బల్ల మీద చెక్కుచెదరకుండా కూర్చుంటే, నాకు వాటి దగ్గర గట్టిగా తుమ్మాలన్నా భయమేసింది.

బల్ల మీద బతకడం వేరు, బయట బతకడం వేరు. బయట అంటే ఎక్కడ పెట్టాలో తోచలేదు. దానికి కూడా దారి అక్కే చూపించింది. ఒకరోజు ఒక సెన్సర్ ఇంటికి తెచ్చి చూపిస్తే, వేళ్ళ మధ్య పట్టుకుని వెలుగుకి ఎత్తి చూసి, "గిదేంది, మా కామెర్ల పిల్లల లెక్క పచ్చగున్నది" అంది. పుట్టిన పిల్లలకి కామెర్లు వస్తే బట్టలిప్పి, కళ్ళకి గుడ్డ కట్టి, నీలి ట్యూబులైట్ల కింద పడుకోబెడతారని అప్పుడే తెలిసింది. నీలి వెలుగే ఎందుకక్కా అని అడిగాను. డాక్టర్లు చెప్పింది తను చెప్పింది. ఒంట్లో పేరుకున్న పచ్చని పదార్థం ఆ వెలుగుకి విరిగి బయటికి పోతుందట.

కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. పసుపుగా ఉందంటే నీలాన్ని మింగుతుంది కాబట్టే. నా సెన్సర్‌లో ఉన్న గుణమూ ఆ పసివాళ్ళ ఒంట్లో ఉన్న గుణమూ ఒకటే. ఆ పిల్లలకి పనికొచ్చే వెలుగేదో, సరిగ్గా ఆ వెలుగునే నా బిళ్ళ కొలుస్తుంది, మిగతా వెలుగుల్ని పట్టించుకోదు. ఆ ట్యూబులు పాతబడితే నీలం తగ్గిపోతుందనీ, కంటికి మాత్రం అలాగే వెలుగుతున్నట్టుంటాయనీ అక్క చెప్పింది. ఎప్పుడు మార్చాలో అందాజుగా చూసుకోవడమేనట. నా బిళ్ళని ఆ దీపాల కింద పెట్టనిస్తారా అని అడిగాను. వాళ్ళ డాక్టరుగారిని అడిగి రెండు రోజుల్లో సరేననిపించింది.

వార్డులో అలాంటి దీపాల స్టాండ్లు రెండుండేవి. ఒకటి కిటికీ పక్కన, ఒకటి తలుపు పక్కన. మధ్య నాలుగడుగుల దూరం. కిటికీ పక్క దీపం కింద, పాప పడుకునే పరుపు అంచున సెన్సర్‌ని అంటించి, తీగ లాగి మీటరు స్టాండుకి కట్టాను. అంకె ఎనభై రెండు. వార్డు ట్యూబులైట్లు అన్నీ ఆర్పి, మళ్ళీ వేసి చూపించాను, అంకె అటూ ఇటూ ఒకటో రెండో కదిలింది. పక్కన వెచ్చదనానికి పెట్టిన ఎర్ర బల్బు వేస్తే అసలు కదల్లేదు. ఆయమ్మలు కూడా వచ్చి చూశారు. రోజూ డ్యూటీలో చేరగానే అక్క ఆ అంకెని కాగితం మీద రాసేది, సాయంత్రం ఇంటికొచ్చాక నాకు చెప్పేది. ఎనభై రెండు. ఎనభై ఒకటి. ఎనభై రెండు. బయట వాన కుండపోతగా కురుస్తోంది. పది రోజులు, పదిహేను రోజులు, పద్దెనిమిది రోజులు. నేను నోటి మీద వేలేసుకుని ఉన్నాను, పొంగిపోతే దిష్టి తగులుతుందని.

పందొమ్మిదో రోజు సాయంత్రం, అప్పుడప్పుడూ వెళ్ళినట్టే, దవాఖానకి వెళ్ళాను. అక్క నాకోసమే చూస్తోంది. తలుపు పక్క దీపం కింద ఒక పాప ఉంది. హైటెక్ సిటీ దగ్గర రాళ్ళు మోసే పనికి పాలమూరు నుంచి వచ్చిన దంపతుల బిడ్డ. రెండు రోజులుగా దీపం కిందే ఉన్నా రక్తపరీక్షలో కామెర్లు తగ్గకపోగా పెరుగుతున్నాయట. అనుమానం వచ్చి అక్క నా బిళ్ళని కిటికీ పక్క నుంచి తీసి ఆ పాప పరుపు అంచున పెట్టింది. అంకె ముప్పై ఆరు. దీపం చూస్తే భేషుగ్గా వెలుగుతోంది, రెండు దీపాలకీ కంటికి తేడా లేదు. "నీ బిళ్ళ సగం కూడ చెప్తలేదు. దీపం ఖరాబయిందంటవా?" అని అడిగింది.

ఆ ప్రశ్న కోసమే నేను నాలుగేళ్ళు పనిచేశాను. జవాబు మీటరు మీద రాసి ఉంది. నేను చూసింది మాత్రం అది కాదు. ఎనభై రెండు ముప్పై ఆరైంది, అంతే. అలా పడిపోవడం నేను రెండు డబ్బాల నిండా చూశాను. దీపానికేం కాలేదక్కా, చూడు ఎంత బాగా వెలుగుతోందో, నాదే పోయింది, ఎప్పుడో ఒకప్పుడు పోతుందని తెలుసు, దాని మాట నమ్మకు అన్నాను. తనకి ఇంకా ఏదో సందేహం ఉన్నట్టుంది, కానీ చేసినదాన్ని నేనే అలా చెబుతుంటే ఏమంటుంది. నేను తీగ ఊడబీకి, బిళ్ళని పెన్సిల్ డబ్బాలో పెట్టుకుని బయటికొచ్చేశాను. కిటికీ పక్కన దీపం కింద ఒక్కసారి మళ్ళీ పెట్టి చూస్తే అప్పుడే తేలిపోయేది. నాలుగడుగులు. ఆ నాలుగడుగులు నేను వెయ్యలేదు.

వరండాలో ఆ పాప తల్లి గోడకానుకుని కూర్చుని ఉంది. బాలింత, కాళ్ళు వాచి ఉన్నాయి. నేను కూడా నర్సునే అనుకుందేమో, నా బిడ్డ పచ్చదనం ఎప్పుడు పోతుందమ్మా అని అడిగింది. దీపం కింద పెట్టారుగా, పోతుందిలే అన్నాను. అలా చెప్పడానికి నాకు నోరెలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. అప్పుడు నా ధ్యాసంతా నా మీదే ఉంది. బస్సులో నోటుబుక్కు తీసి, పందొమ్మిదో రోజు, పోయింది అని రాశాను. అక్క ఆ రోజు వరసగా రెండో డ్యూటీ కూడా చెయ్యాల్సొచ్చి ఇంటికి రాలేదు. వీధి చివర ఎస్టీడీ బూతుకి వెళ్ళి అన్నయ్యకి ఫోన్ చేసి, ఆ కోర్సు ఎప్పట్నుంచి అని అడిగాను.

మర్నాడు పొద్దున్నే ప్రయోగశాలకి వెళ్ళాను. సార్ వచ్చేలోపు డబ్బాలో పడేసి, ఆయనకి రెండు ముక్కల్లో చెప్పేసి, ఏడవకుండా బయటపడాలని నా ఆలోచన. అలవాటు కొద్దీ కొలత దీపం వేశాను. చివరి చూపు రాయకపోతే సార్ ఊరుకోరు కదా. బిళ్ళని దాని కింద పెట్టాను. మీటరు మీద అంకె లేచింది. నోటుబుక్కు తిరగేసి, దాన్ని మొదటిరోజు ఇదే దీపం కింద పెట్టినప్పుడు రాసిన అంకె చూశాను. రెండూ ఒకటే. దీపం ఆర్పి మళ్ళీ వేశాను. అదే అంకె. తీసి మళ్ళీ పెట్టాను. అదే అంకె.

సంతోషం రాలేదు. సెన్సర్ బతికే ఉందంటే ఆ దీపం చచ్చిపోయింది. రాత్రంతా ఆ పసిగుడ్డు చచ్చిన దీపం కింద పడుకుని ఉంది, నా మాట మీద. ఆఫీసు గదిలో ఫోను తాళం వేసి ఉంది. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా గేటు బయట ఫోను బూతుకి పరుగెత్తాను. వార్డులో ఎవరో ఎత్తారు, అక్క లైన్లోకి వచ్చేదాకా ప్రాణం నిలవలేదు. అక్కా, బిళ్ళ బాగానే ఉంది, దీపమే పోయింది, పాపని కిటికీ పక్కకి మార్చు అని ఒకే ఊపిరిలో చెప్పాను. అక్క, పొద్దున పరీక్షలో ఇంకా పెరిగింది, రక్తం మార్చాలంటున్నరు డాక్టరుగారు అని చెప్పి ఫోను పెట్టేసింది.

నేను వెళ్ళేసరికి పాప కిటికీ పక్క దీపం కింద ఉంది. తలుపు పక్క దీపం ట్యూబులన్నీ విప్పి కింద పెట్టారు. చివర్లు కాస్త మసిబారాయి తప్ప వాటిలో ఏ లోపమూ కనపడదు. డాక్టరుగారు సాయంత్రం దాకా చూద్దాం, రక్తం సిద్ధంగా ఉంచండి అన్నారు. స్టోరు నుంచి కొత్త ట్యూబులు వచ్చాయి, బిగించాక బిళ్ళ పెట్టి చూశాను. ఎనభై అయిదు. ఆ దీపం కూడా పాప పక్కకి జరిపారు. నేను వరండాలో ఆ తల్లి పక్కనే నేల మీద కూర్చున్నాను. నిన్న తప్పు చెప్పానమ్మా, దీపం పాడైంది, నేను బాగుందన్నాను అని చెప్పాను. ఆమెకి ఎంత అర్థమైందో తెలీదు. ఇప్పుడు మంచిగైందా అని మాత్రం అడిగింది. అయింది అన్నాను. ఆమె కొంగులో మొహం పెట్టుకుని కూర్చుంది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

సాయంత్రం రక్తపరీక్షలో కామెర్ల అంకె పెరగడం ఆగింది. మర్నాటికి దిగడం మొదలైంది. రక్తం మార్చే అవసరం రాలేదు. మూడో రోజు ఆ పాప ఎర్రగా, గుక్కపట్టి ఏడుస్తూ, వార్డంతా లేపేస్తుంటే ఆయమ్మలు విసుక్కున్నారు. నాకా ఏడుపు ఎంత హాయిగా ఉందో.

ఆ రోజే ఇంట్లో అక్కతో సరిగ్గా మాట్లాడగలిగాను. నన్ను తిట్టమన్నాను. తిట్టలేదు. బియ్యం ఏరుతూ, చేట మీంచి తల ఎత్తకుండా, "నేనడిగింది దాన్ని. జవాబు చెప్పింది నువ్వు" అంది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. నేను కాకి పాటి కూడా చెయ్యను, నా పిల్ల బతికే ఉన్నానని చెబుతున్నా వినకుండా పాతిపెట్టబోయాను. ఎన్నో చావులు చూసీ చూసీ, అది బతికి నిజం చెబుతుందన్న ఊహే నాలో మిగల్లేదు. ఇదంతా అక్కకి చెప్పాలనిపించింది. చెప్పలేక, చేట తీసుకుని మిగిలిన బియ్యం నేనే ఏరాను.

సార్‌కి నోటుబుక్కు అలాగే ఇచ్చాను. పోయింది అన్న మాట కొట్టెయ్యనా అని అడిగితే, కొట్టెయ్యొద్దమ్మా, కింద జరిగింది రాయండి అన్నారు. ఆయన నన్ను మీరు అని పిలవడం అదే మొదటిసారి. సమీక్ష రోజు కమిటీ ముందు ఆ పేజీ కూడా నన్నే చదవమన్నారు. చదివాను. సెన్సర్ వార్డులో ముప్పై రోజులూ నిలబడింది, ముప్పై ఒకటో రోజు కూడా. కమిటీలో ఒక పెద్దాయన పని కొనసాగించమని రాస్తూ, ఈసారి మీరు దాన్ని నమ్మేలా తయారుచేయండి అని నవ్వారు. అన్నయ్యకి ఫోన్ చేసి ఆ కుర్చీలో ఇంకెవర్నైనా కూర్చోబెట్టుకోమన్నాను. వాడు కాసేపు సణిగి, ఇంతకీ పాప ఎలా ఉంది అని అడిగాడు.

సెన్సర్‌ని వార్డులోంచి తీయలేదు. రెండు దీపాల కిందా మార్చి మార్చి పెడుతూ అక్క రోజూ రాస్తూనే ఉంది. చలికాలం వచ్చింది, క్రిస్మస్ నక్షత్రం ఇంటి ముందు వేలాడింది, తీసేశారు. నాలుగో నెల ఒక మధ్యాహ్నం ప్రయోగశాలకి ఫోనొచ్చింది. అక్క గొంతు. "పిల్లా, నీ బిళ్ళ ముప్పై చెప్తున్నది. రెండు స్టాండ్లకూ కొత్త ట్యూబులు ఎక్కించిన. ఇంక ముప్పయ్యే ఉన్నది. ఇగ ఈసారి నీదే పోయినట్టున్నది, వచ్చి సూస్కో."

నాకు నవ్వొచ్చింది. అన్ని ట్యూబులూ ఎందుకు మార్పించావక్కా, ముందు నన్నడిగితే వచ్చి పరీక్ష చేసేదాన్ని కదా అన్నాను.

"నిన్నడిగితే నువ్వు బిళ్ళే పోయిందంటవ్" అంది అక్క. "ట్యూబులదేమున్నది, పాతయి బాగనే ఉన్నయి, తీసి దాచిపెట్టిన, మళ్ల ఎక్కిస్త. నేనైతే ముందుగాల దాన్నే నమ్ముత."

ఫోను పెట్టేశాను. కళ్ళనీళ్ళు వచ్చాయి, ఎవరైనా చూస్తారని కూడా అనుకోలేదు. తర్వాత మూతలకి కావలసిన గాజు పలకలు కడిగి, ఓవెన్‌లో పెట్టి, బస్సు పట్టుకుని దవాఖానకి బయల్దేరాను.